శివగామి చేతిలో సంచి లేదు

చంటిబిడ్డతో ప్రయాణం అనగానే మనవాళ్ల కళ్లముందు రెండు బొమ్మలు కదులుతాయి. ఒకటి పురాణకాలం నాటిది. అర్ధరాత్రి, జోరువాన, పొంగిపొర్లే యమున, వసుదేవుడి నెత్తిమీద బుట్ట, బుట్టకు పడగ పట్టిన ఆదిశేషుడు. రెండోది 2015లో వచ్చింది. బాహుబలి మొదటి భాగంలో శివగామి వేషం కట్టిన రమ్యకృష్ణ తాను నీళ్లలో మునిగిపోతూ కూడా పసికందును ఒంటిచేత్తో పైకెత్తి పట్టుకునే ఘట్టం. హాల్లో జనం ఊగిపోతుంటే, నా పక్క సీట్లో చంటిపిల్లను ఒళ్లో వేసుకుని కూర్చున్న ఇల్లాలు గొంతు తగ్గించి "సంచి ఏదండీ?" అంది.

ఆవిడ అడిగింది న్యాయమే. వసుదేవుడికి అవతలి ఒడ్డున యశోద ఇల్లుంది. శివగామి ఎత్తిపట్టిన బిడ్డకు గూడెం జనం దొరికారు. మనం దిగే అవతలి ఒడ్డున మహా అయితే రైల్వే ప్లాట్‌ఫారం ఉంటుంది. పొడిగుడ్డ మనమే తీసుకుపోవాలి.

ఇంకో బొమ్మ కూడా ఉంది. అది అచ్చంగా మన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిశ్రమ బిడ్డ. 1995లో వచ్చిన సిసింద్రీ. అంతకు ముందు ఏడాది హాలీవుడ్ తీసిన బేబీస్ డే అవుట్ ఒరవడిలో, శివనాగేశ్వరరావు దర్శకత్వంలో నాగార్జున నిర్మించారు. ఏడాది వయసు అఖిల్ అందులో హీరో. ఆ బిడ్డ తండ్రి నాగార్జున కూడా 1961 నాటి వెలుగు నీడలులో చంటిబిడ్డగా తెరమీద కనిపించినవాడే. దుండగుల చేతుల్లోంచి జారిపోయిన పసివాడు ఊరంతా చక్కబెట్టేస్తుంటే మనం పగలబడి నవ్వాం. అలాంటి కథల్లో బిడ్డకు ఆకలి కూడా దర్శకుడు చెప్పినప్పుడే వేస్తుంది. అదే మన ఇళ్లలో కుదరనిది.

తెర వెనక సంగతి వేరు. చంటిబిడ్డను ఇల్లు కదిలించడం ఎంత పనో సినిమావాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదని నా నమ్మకం. బేబీస్ డే అవుట్‌లో మనం చూసిన ఒక్క పిల్లవాడూ నిజానికి ఇద్దరు కవలలు. హాలీవుడ్ ఉన్న కాలిఫోర్నియాలో చట్టం చాలా గట్టిది. ఆరు నెలల లోపు బిడ్డ షూటింగ్ జరిగేచోట రోజుకు 2 గంటలకు మించి ఉండకూడదు. ఆ రెండు గంటల్లోనూ కెమెరా ముందు పని 20 నిమిషాలే. ఆరు నెలలు దాటి రెండేళ్ల లోపయితే 4 గంటలు ఉండొచ్చు, పని 2 గంటలు. అందుకే అక్కడ చంటిబిడ్డ వేషం అనగానే కవలల కోసం వెతుకుతారు. ఒకరు నిద్రపోతే ఇంకొకరు.

మన దగ్గర జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు మూడు నెలల లోపు పసికందును షూటింగుకు తేవద్దంటాయి. తల్లిపాలు, టీకాల వంటి ప్రచారచిత్రాలకు మాత్రమే మినహాయింపు. 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనలు బాలనటుల పనిని రోజుకు 5 గంటలకు కట్టడి చేశాయి. విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తెచ్చుకోవాలి. బిడ్డ సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరిట బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవన్నీ ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే చర్చ. నాకు ఇందులో నచ్చిందొకటే, లెక్కంతా గంటల్లో ఉండటం. చంటిబిడ్డ అవుట్‌డోర్‌కు వస్తోందంటే, చేయి తిరిగిన ప్రొడక్షన్ మేనేజర్ "పాప ఎన్నింటికి పడుకుంటుంది, ఎన్నింటికి పాలు తాగుతుంది?" అని ముందే కనుక్కుంటాడు. షాటు ఆ వేళకు పెట్టుకుంటాడు. పెద్ద హీరో కాల్‌షీటు అయినా అటూ ఇటూ జరుగుతుందేమో గానీ, పాప నిద్రవేళ జరగదు.

మన ఇళ్లలో సర్దడం బీరువా దగ్గర మొదలవుతుంది. పట్టుగౌను పెడదామా, అత్తగారు కొన్న స్వెట్టరు పెడదామా అని. గడియారం దగ్గర మొదలుపెడితే సగం సామాను దానంతటదే తగ్గిపోతుంది.

సంక్రాంతి ప్రయాణమే తీసుకుందాం. ఆ నాలుగు రోజులూ ఫిల్మ్‌నగర్ సగం ఖాళీ. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కూడా కార్లు ఆగకుండా పోతాయి, అదో వింత. ఆ కార్లన్నీ ఎక్కడున్నాయయ్యా అంటే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజాలో బారులు తీరి ఉన్నాయి. విజయవాడ ఇక్కడికి దాదాపు 275 కిలోమీటర్లు. మామూలుగా ఐదు గంటల దారి. చంటిబిడ్డ ఉంటే ఏడనుకోండి, పండగ ముందురోజైతే ఎనిమిదో తొమ్మిదో. నెలల బిడ్డ రెండు మూడు గంటలకోసారి పాలు తాగుతుంది. అంటే దారిలో కనీసం మూడుసార్లు ఆగాలి. మొదటిసారి పంతంగి దాటాక, రెండోసారి సూర్యాపేటలో, మూడోసారి నందిగామ దగ్గర్లో. పాలు తాగినప్పుడల్లా ఒక డైపరు. ట్రాఫిక్ దేవతకు ఇంకో రెండు. కడుపు గడబిడైతే మరో రెండు. ఇదీ లెక్క. ఇరవై డైపర్ల ప్యాకెట్టు చేతిసంచిలో కుక్కక్కర్లేదు. మిగతావి డిక్కీలోకి పోతాయి, లేదా విజయవాడలో కొంటారు. ఊరు దాటగానే అంగళ్లుండవన్నట్టు సర్దుతాం గానీ, ఇవాళ డైపరు దొరకని మండల కేంద్రం లేదు.

ఇక పాల సంగతి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే తిండి, తల్లిపాలే నీళ్లు. మే నెల ఎండలో కూడా అంతే. "నోరెండిపోతోంది, రెండు చుక్కలు పోయవే" అని బండిలో వెనకసీటు పెద్దమ్మలు పోరు పెడతారు. నీళ్లు పోయాల్సింది తల్లి గొంతులో. ఆవిడ సీసా నిండుగా ఉంటే చాలు. ప్రయాణాల్లో తల్లులు బాత్రూముకు పోవాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. శుభ్రమైన బాత్రూము ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టడం ఇంటి మగవాళ్ల పని. సంచి మోసేకన్నా అదే పెద్ద సాయం.

పోతపాలు పట్టేవాళ్లకు పని ఎక్కువ. ఇంట్లోనే కలిపి సీసాలో పోసుకుని బయల్దేరడం చాలామంది చేసేదే, అదే ప్రమాదం. కలిపిన పాలు బయట రెండు గంటలు దాటితే పారబోయాలి. కాచిన నీళ్లు వేడి తగ్గని మంచి ఫ్లాస్కులో, పొడి కొలిచి వేసిన పొడి డబ్బీలు విడిగా పెట్టుకోండి. వేళకు కలిపి, చల్లార్చి పట్టండి. ఆగిన చోట పీకను మరిగించే వీలుండదు. అందుకని ఎన్ని పూటలో అన్ని సీసాలు ఇంట్లోనే మరిగించి మూతలు బిగించి పెట్టుకోవాలి. విమానంలో పోయేవాళ్లు పాలకు భయపడక్కర్లేదు. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు వద్దనే నియమం నుంచి బిడ్డ పాలకు మినహాయింపు ఉంది. తనిఖీ దగ్గర ముందే బయటికి తీసి చూపిస్తే సరి. విమానం దిగేటప్పుడు పాలు తాగిస్తే మింగుతున్నకొద్దీ చెవుల నొప్పి సర్దుకుంటుంది.

ఆరు నెలలు దాటిన బిడ్డకు ప్రయాణపు తిండి మన అమ్మమ్మలే కనిపెట్టి పెట్టారు. బియ్యం, కందిపప్పు, పెసరపప్పు కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి విసిరిన ఉగ్గుపిండి. వేడినీళ్లలో ఉడకబెట్టి కాస్త నెయ్యి వేస్తే సిద్ధం. బస చేసేచోట చిన్న కరెంటు కెటిల్ ఉంటే దాంట్లోనే అయిపోతుంది. రంగురంగుల డబ్బా తిండికి ఇది ఎందులోనూ తీసిపోదు. ఉగ్గుగిన్నె మాత్రం ఇంట్లో వదలండి. ఆ కొక్కెం లాంటి ముక్కులో పేరుకున్నది దారిలో కడగడం ఎవరి తరమూ కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం, నాలుకకు వస రాయడం కూడా ఇంట్లోనే వదిలేయాలి. ప్రయాణంలోనే ఏం ఖర్మ, ఎప్పుడూ వద్దు.

అన్నిటికంటే ముందు పెట్టుకోవాల్సింది ఏమిటని అడిగితే నేను చెప్పేది పాత నూలు చీర. కొత్తది పనికిరాదు. పదేళ్లు ఉతికి ఉతికి మెత్తబడింది కావాలి. సగం చింపి మడతేస్తే నాలుగు పొత్తిగుడ్డలవుతాయి. మిగిలిన సగం పాలిచ్చేటప్పుడు చాటు, ఎండలో తెర, ప్లాట్‌ఫారం మీద పక్క, ఏసీ బోగీలో దుప్పటి. స్లీపరు బోగీలో పై బెర్తు గొలుసులకు చీర ఊయల కట్టి బిడ్డను పడుకోబెట్టి, కింద కూర్చుని ఊపుతూ కునికే తల్లులను చూడనివాళ్లెవరు? ముడి మాత్రం పెద్దవాళ్లెవరైనా ఒకసారి లాగి చూడాలి, ఊయల పక్కన మనిషి ఉండాలి. రైల్వేవాళ్లు 2022లో లక్నో మెయిల్‌లో కింది బెర్తుకు అతికించిన చిన్న పసిబిడ్డ బెర్తును పరీక్షగా పెట్టి చూశారు. మన చీర ఆ పరీక్ష ఎప్పుడో నెగ్గింది. ఐదేళ్ల లోపు పిల్లలకు రైల్లో టికెట్టూ లేదు, బెర్తూ లేదు కాబట్టి, చీరే వాళ్ల బెర్తు.

బట్టల దగ్గర సినిమా కాస్ట్యూమర్ తెలివి అరువు తెచ్చుకోండి. వాన సీనుకో ఫైటుకో ఒకే రకం చొక్కాలు నాలుగు కుట్టించి పెట్టుకుంటాడు. మనమూ పాపకు నాలుగు జతలు పెడతాం, అమ్మకు ఒక్కటీ పెట్టం. పాప కక్కేది అమ్మ భుజం మీదే కదా. చేతిసంచిలో అమ్మకో జాకెట్టు, నాన్నకో చొక్కా ఉండి తీరాలి.

ఇప్పటిదాకా చెప్పింది డిక్కీ ఉన్నవాళ్ల సంగతి. ఇదే జూబ్లీహిల్స్‌కు ఇంకో రకం సంచితో వచ్చే తల్లులున్నారు. ఈ కొండల మీద లేచిన మేడల్లో పాలమూరు కూలీల చెయ్యి పడనిది అరుదు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి ఆలుమగలు బయల్దేరుతారు, చంకలో బిడ్డతో. వాళ్ల సర్దుడు ఎరువుల బస్తాసంచిలో: రెండు గిన్నెలు, నాలుగు బట్టలు, కొంచెం జొన్నపిండి, అదే పాత చీర. ఇక్కడ దిగాక ఆ చీర రెండు పరంజా గుంజల మధ్య ఊయలవుతుంది. ఇసుక మీద నీడ ఎటు జరిగితే ఊయలా అటు జరుగుతుంది. పాలకోసం తల్లి పైఅంతస్తు నుంచి దిగిరావాలి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్ ఏం చెప్పిందో తెలుసా? యాభై మందికి మించి ఆడకూలీలు పనిచేసేచోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది, చూసుకునేందుకు శిక్షణ పొందిన ఆడమనిషి ఉండాలని. యాభై లెక్క దాటకుండా ఎలా చూడాలో మేస్త్రీలకు బాగా తెలుసు. కృష్ణానగర్‌లో తెల్లారకముందే కంపెనీ బస్సు కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టుల్లో పాలిచ్చే తల్లులూ ఉంటారు. వాళ్లకైతే పిల్లను పక్కింట్లో అప్పగించి రావడమే సర్దుకోవడం.

ప్రభుత్వమే సంచి సర్ది ఇచ్చిన ముచ్చట ఒకటుంది. తెలంగాణలో 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైంది. సర్కారు దవాఖానాలో కాన్పు అయిన తల్లికి సబ్బు, నూనె, పౌడరు, దోమతెర, పాప బట్టలు, చీరలు, ఆటవస్తువులు కలిపి 16 రకాలు ఒక సంచిలో పెట్టి ఇచ్చేవారు. డబ్బు సాయం వేరే: మగపిల్లవాడికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు. ఫిన్లాండులో ఇలాంటి పెట్టె 1938 నుంచీ ఉంది. మొదట పేద తల్లులకే, 1949 నుంచి అందరికీ. ఆ పెట్టె అడుగున పరుపు ఉంటుంది, పెట్టే పాపకు తొలి మంచం. రాజకీయాలు పక్కనబెట్టి చెబుతున్నాను, మన కిట్టులో నాకు బాగా నచ్చింది దోమతెర. నచ్చనిది పౌడరు. పసిబిడ్డ ఊపిరికి పౌడరు పనికిరాదు, ఎవరిచ్చినా.

దవాఖానా నుంచి ఇంటికి తల్లీబిడ్డలను దించడానికి 102 నంబరు బండ్లున్నాయి. ఆ తర్వాత మాత్రం ఎవరి బండి వాళ్లదే. కారులో పిల్లల సీటు గురించి చెబితే మనవాళ్లు "అమ్మ ఒడిని మించిన సీటేముంది?" అంటారు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఏ అమ్మ చేతులూ ఆ వేగాన్ని ఆపలేవు. ముందుసీట్లో ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా బిడ్డను ఒళ్లో పెట్టుకోవడం మరీ ప్రమాదం. వెనకసీట్లో, వెనక్కి తిరిగి ఉండే సీటులో పడుకోబెట్టాలి. 2019లో సవరించిన మోటారు వాహన చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే నడిపేవారికి వెయ్యి రూపాయల జరిమానా అంటోంది. స్కూటరు మీద 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలకు పట్టీ, హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. 9 నెలల లోపు బిడ్డకు హెల్మెట్ సంగతి ఆ నిబంధనలో లేదు. లేదు కదా అని స్కూటరెక్కించకండి. ఆటో మేలు.

మందుల సంచి చిన్నదిగా ఉండనివ్వండి. డాక్టరు బరువును బట్టి రాసిచ్చిన జ్వరం మందు, కొలత గొట్టం, థర్మామీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఈ ఓఆర్ఎస్ దగ్గర మన ఊరి డాక్టరు ఒకరిని తలచుకోవాలి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్. పేరులో ఓఆర్ఎస్ అని అచ్చేసి, లోపల నిండా చక్కెర పోసి అమ్మే పానీయాల మీద ఆవిడ ఏళ్ల తరబడి పోరాడారు, హైకోర్టుకూ వెళ్లారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిందని రాసి ఉందో లేదో చూడండి. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లకు చిటికెడు లెక్క పనికిరాదు.

ఏ సంచీ లేకుండా, ఏ ఏర్పాటూ లేకుండా మొదలైన ప్రయాణాలూ ఉన్నాయి. 2021 చివర్లో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లోనే ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. సంస్థ వాళ్లిద్దరికీ జీవితాంతం ఉచిత పాసు రాసిచ్చింది. అంత అదృష్టం అందరికీ రాదు గనక, మనం కాగితాలు సర్దుకోవాల్సిందే.

కాగితాలనగానే తిరుమల. అమెరికాలో పుట్టిన మనవడైనా, ఫిల్మ్‌నగర్ బస్తీలో పుట్టిన మనవరాలైనా పుట్టువెంట్రుకలు తీయించడానికి చేరేది కల్యాణకట్టకే. అమెరికా బిడ్డకైతే ఆ దేశపు పాస్‌పోర్టు, దానితోపాటు ఓసీఐ కార్డో వీసానో ఉండాలి. టికెట్టు కొన్నాక గుర్తొస్తే లాభం లేదు. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను దేవస్థానం వారు సుపథం దారిన దర్శనానికి పంపుతారు. అందుకు బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ కార్డులు చూపాలి. వేళలు మారుతుంటాయి, బయల్దేరేముందు కనుక్కోండి. ఆ కాగితాలు పెద్దపెట్టెలో బట్టల కింద పెట్టి, పెట్టె క్లోక్‌రూములో వదిలి, వరుసలో నిలబడ్డాక నాలుక కరుచుకునేవాళ్లు రోజూ ఉంటారు. ఫోనులో ఫొటో ఒకటి, చేతిసంచి జిప్పులో అసలు ఒకటి.

కొండమీద రాత్రిళ్లు చలి. గుండు చేయించి గంధం రాశాక ఆ తలకు నూలు టోపీ కావాలి. అది ఇంటినుంచే పట్టుకెళ్లండి. కొత్త తలకొలత వెంట్రుకలున్న తలకొలతకన్నా చిన్నదని గుర్తుపెట్టుకుని కొనండి. వెంట తెచ్చిన చిట్టిదువ్వెన, రిబ్బన్లు, క్లిప్పులు తిరుగు ప్రయాణంలో పెద్దపెట్టె అడుగుకు పోవచ్చు. మరో ఆరు నెలలు వాటితో పని లేదు.